పై అంతస్తు నీళ్ళు

ఆ వీధిలో ఆమెను అందరూ ఆరాలక్క అంటారు. ఆరోగ్య కేంద్రం తరఫున ఇల్లిల్లూ తిరిగి ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరికి వాంతులయ్యాయి అని ఆరా తీయడమే ఆమె పని. మామూలు రోజుల్లో ఆమెను చూసి జనం పలకరింపుగా నవ్వుతారు. కామెర్లు మొదలయ్యాక మాత్రం ఆమె చెప్పుల చప్పుడు వినబడితే చాలు, రోగాన్ని వెంటబెట్టుకొస్తోందన్నట్టు తలుపులు మూసుకుంటున్నారు.

“మేమంతా గుండ్రాళ్ళలా ఉన్నాం. మా జోలికెందుకొచ్చావమ్మా?” అని కసిరింది మూలింటి ముసలావిడ.

“బాగున్నారనే వచ్చాను పెద్దమ్మా. ఏ నీళ్ళు తాగుతున్నారు?”

“తడిగా ఉండే నీళ్ళే!”

రోగం రానివాళ్ళనూ అడగమన్నది ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మే. “పడకేసినవాళ్ళనే అడిగితే అందరూ అన్నం తిన్నామంటారు. అంతమాత్రాన తప్పు అన్నానిదవుతుందా? లేచి తిరుగుతున్నవాళ్ళు ఏం తిన్నారో, ఏం తాగలేదో కూడా తెలియాలి,” అంది.

అలా అడగ్గా అడగ్గా ఒక సంగతి తేలింది. వీధి కుళాయి అందరిదీ ఒకటే, కాబట్టి తప్పు దానిది కాదు. పడకేసినవాళ్ళంతా వీధి చివరి కుట్టు షెడ్డులో పనిచేసేవాళ్ళు. అందులోనూ పై అంతస్తులో మిషన్ల ముందు కూర్చునేవాళ్ళే. కింద గుడ్డ కత్తిరించేవాళ్ళలో ఒక్కరికీ కన్ను పచ్చబడలేదు. కిందివాళ్ళు తాగేది వీధి కుళాయి నీళ్ళు. పైవాళ్ళకు మోటారు ఎక్కించేది సంపులో నీళ్ళు. ఆ సంపు పక్కనే మరుగుదొడ్డి గుంట ఉంది. డాక్టరమ్మ వచ్చి చూసి, ఆ మధ్యాహ్నమే మోటారుకు తాళం వేయించింది.

ఆరాలక్క ఊపిరి పీల్చుకుంది. ఆమె చెల్లెలు పనిచేసేది ఆ షెడ్డులోనే, కానీ కింద. చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. ఈ రకం కామెర్లు మిగతావాళ్ళను కొన్నాళ్ళు పడుకోబెట్టి వదిలేసినా, నిండు కడుపుతో ఉన్నవాళ్ళకు ప్రాణం మీదికి తేవచ్చని డాక్టరమ్మ చెప్పినప్పటినుంచీ ఆరాలక్కకు ముద్ద దిగడం లేదు. ఊరందరినీ అడిగింది గానీ చెల్లెల్ని అడగనేలేదు. ఇంటి మనిషి, తనకు తెలియనిదేముంది అనుకుంది. సాయంత్రం కబురు చెప్పి నవ్వుకుందామనే వెళ్ళింది.

చెల్లెలు వాచిన కాళ్ళు చాపుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది.

“ఏమే, నువ్వు తాగేది కింద కుళాయి నీళ్ళేగా?”

“అమ్మో, ఆరా నా దాకా వచ్చింది! నేనూ తలుపేసుకోనా?”

“వేళాకోళం ఆపి చెప్పు.”

చెల్లెలు నవ్వు ఆపి కాలివేళ్ళు చూసుకుంది. “తిడతావని చెప్పలేదక్కా. నిలబడి గుడ్డ కత్తిరించలేకపోతున్నానని మేస్త్రి నన్ను పైకి మార్చాడు. కూర్చుని గుండీలు కుట్టడమే పని. మెట్లెక్కుతున్నానంటే నువ్వు ఊరుకుంటావా?”

“ఎప్పట్నుంచి?”

“ఎండలు ముదిరినప్పట్నుంచి. మంచోడే పాపం, లేవనవసరం లేకుండా బిందెడు నీళ్ళు నా పక్కనే పెట్టిస్తాడు.”

ఆరాలక్క చెల్లెలి గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పి, కింది రెప్ప లాగి చూసింది. కన్ను తెల్లగానే ఉంది. అయినా చెయ్యి తీయలేదు. లోపలికి పోయిన రోగం బయటపడటానికి వారాలు పడుతుందని ఈ మధ్య ఎన్ని గుమ్మాల ముందు చెప్పిందో! ఇప్పుడు అదే మాట చెల్లెలికి చెప్పాలి.

“ఏంటక్కా అలా చూస్తావు? పచ్చగా ఉందా?”

“లేదు. తెల్లగానే ఉంది.”

“మరింకేం?”

“ఇవాళ్టికైతే తెల్లగా ఉంది.”

అప్పుడు చెప్పింది, సంపు సంగతి, నీళ్ళ సంగతి, డాక్టరమ్మ అన్న మాట కూడా. ఏదీ దాచలేదు. పొద్దున్నే ఆసుపత్రికి పోదామని, రక్తం పరీక్ష చేయిస్తారని, కాన్పయ్యేదాకా డాక్టరమ్మ కనిపెట్టి చూస్తుందని చెప్పింది.

చెల్లెలు రెండు చేతులూ కడుపు మీద వేసుకుంది. ఒక చేతి కింద బిడ్డ కదిలినట్టుంది, ఆ చేతిని అక్కడే గట్టిగా అదిమి ఉంచింది.

“నేను తాగితే లోపల దీనికీ తాగించినట్టేనా అక్కా?”

ఆరాలక్కకు ఆ సంగతి తెలియదు. డాక్టరమ్మను అడగాలన్న ఆలోచనే రాలేదు.

“రేపు అడుగుదాం,” అంది.

“ఇంట్లో బావ నీ వంటకి ఎదురుచూస్తుంటాడేమో. అయినా వెళ్ళకక్కా,” అంది చెల్లెలు, ఆమె కొంగు పట్టుకుని.

ఆరాలక్క చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని చెల్లెలి పక్కనే కూర్చుంది.