మోచేతి ఎత్తు

టేపు పట్టుకుంటే ఇప్పటికీ నా చెయ్యి చల్లబడుతుంది. కొలతలు తీయడమే నా కూడు కాబట్టి పట్టుకోక తప్పదు.

మూడేళ్ల క్రితం కాల్హేర్‌లో ఒక గోదాముకు కొత్త ప్యాకింగ్ బల్లలు చేయించాలనుకున్నారు. బల్ల ఎత్తును మనిషి మోచెయ్యి చెబుతుంది. నిలబడి చెయ్యి మడిచినప్పుడు మోచెయ్యి ఎక్కడుంటుందో, బల్ల దానికి కాస్త కిందుగా ఉండాలి. లేకపోతే రోజంతా భుజాలు ఎత్తిపట్టి పనిచేయాలి. అక్కడి ఆడవాళ్లను కొలిచే పని నాకు అప్పగించారు. వాళ్లలో మా అమ్మ కూడా ఉంది. టెంఘర్‌లో ఆమె కండెలు చుట్టే మరమగ్గాల కార్ఖానా మూతపడ్డాక అక్కడ చేరింది. ఆమె నా తల్లి అని అక్కడెవరికీ తెలియదు. నేనే చెప్పలేదు. కొత్త ఉద్యోగం, మెడలో గుర్తింపు కార్డు, నా పొగరు నాది.

అందరూ పోలీసు భర్తీకి వచ్చినట్టు ఊపిరి బిగబట్టి వరసలో నిలబడ్డారు. నాకు నవ్వొచ్చింది. అమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె నన్ను ఎరగనట్టే చూసింది, నేనూ అంతే. టేపు నేలకు ఆనిస్తుంటే ఆమె చీర కుచ్చిళ్లు వణుకుతున్నాయి. వాటి కింద మడమలు నేలమీద లేవు. చూశాను. "అమ్మా, మడమలు దించు" అంటే అందరికీ తెలిసిపోతుంది. టేపు చూపించిన అంకె రాసుకుని, "చలో, ఆగే" అని పంపేశాను.

బల్లలు వచ్చాయి. ఒక్కరికీ సరిపోలేదు, అన్నీ ఎత్తే. పొట్టివాళ్లను పనిలోంచి తీసేస్తారని పుకారు పుట్టి వరసంతా మునివేళ్ల మీదే నిలబడిందని అప్పుడు తెలిసింది. తప్పు ఒప్పుకుంటే నా ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. అమ్మ ఆ బల్ల దగ్గరే రెండేళ్లు పెట్టెలు కట్టింది.

ఇప్పుడామె కుడిచెయ్యి భుజం దాటి లేవదు. తల నేనే దువ్వుతాను. ఆ గోదాము ముందు నుంచి బస్సు వెళ్తుంటే కళ్లు మూసుకుంటాను. అయినా ఆ వరస కనిపిస్తుంది, ఒక్క మడమా కిందికి దిగదు. భయమేస్తుంది.

మొన్న కొప్పు ముడుస్తూ ఇక దాచలేకపోయాను. "అమ్మా, నీ మడమలు లేచినయని ఆనాడే చూసిన."

"ఎరుకే బిడ్డా," అంది. "నువ్వు చూసుడు నేను గూడ చూసిన. నా పని పోకుంట జేస్తున్నవనుకున్న. ఇంటికచ్చినంక మస్తు సంబురపడ్డ."