కోదాడకే ఎందుకు జనం?

2023 వేసవి. సూర్యాపేటలో మా థియేటర్‌ను నేను నడుపుతున్నాను. కోదాడలో మా కుటుంబానిదే ఇంకొకటి ఉంది, దాన్ని మా తోటికోడలు సుజాత చూసుకుంటుంది. నేను డిగ్రీ చదివి ఏళ్ల తరబడి ఈ పనిలో నలిగినదాన్ని. తను నిన్నగాక మొన్న వచ్చింది. అయినా అందరి నోటా తన పేరే. ఒళ్లు మండదా మరి?

మిర్యాలగూడ డిస్ట్రిబ్యూటర్, అంటే మాకు సినిమాలు పంచే ఆయన, ఒక చిన్న సినిమా ఇద్దరికీ ఇచ్చి, ఎవరి హాలు నిండితే దసరాకు పెద్ద సినిమా వాళ్లకేనన్నాడు. ముందుగా రెండు ‘కట్’లు పంపాడు. ఒకే సినిమాకు రెండు తీర్లుగా కూర్చిన ట్రైలర్లన్నమాట. ఒకటి నిండా కొట్లాటలు, చెవులు పగిలే మోత. రెండోది అత్తాకోడళ్ల గిల్లికజ్జాలు, అసలు గొడవ మొదలవగానే టక్కున ఆగిపోతుంది.

రెండోది సీరియల్‌లా ఉందని ఆయనతో వాదించి, రోజూ ఇంటర్వెల్‌లో కొట్లాటల కట్ వేయించాను. సినిమా విడుదలైంది. మా హాల్లో ఫ్యాన్లు తిరిగాయి, జనం లేరు. కోదాడలో హౌస్‌ఫుల్. మఠంపల్లి నుంచి ఆడవాళ్లు ఆటోలు మాట్లాడుకుని మరీ వచ్చారట. సుజాత టికెట్లు ఊరికే పంచిందేమోనని ఇంట్లో అనేశాను. అన్నా మనసు చల్లబడక, బస్సెక్కి కోదాడ వెళ్లాను.

సుజాత నన్ను వెనక వరుసలో కూర్చోబెట్టింది. ఇంటర్వెల్ పడగానే మగవాళ్లంతా చాయ్‌కి, బజ్జీలకు బయటికి నడిచారు. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్లు కదలకుండా ఉన్నారు. అప్పుడు తెర మీద, రాబోయే ఇంకో సినిమాది పెళ్లిచూపుల ట్రైలర్ పడింది. ముందు వరుసలో ఇద్దరు అప్పుడే ఏ రోజు రావాలో మాట్లాడుకుంటున్నారు.

“మన సినిమాకు అత్తాకోడళ్ల కట్ కూడా ఇలాగే ఇంటర్వెల్‌లో వేశానక్కా,” అంది సుజాత.

“మరి కొట్లాటల కట్ పారేసినవా?” అన్నాను.

“లేదక్కా. అది ఆట మొదలయ్యే ముందే వేశాను. అప్పుడైతే మగాళ్లు సీట్లలో ఉంటారు కదా. ఇంటర్వెల్‌లో మీరెవరికి వేశారు?”

“జనానికే ఏసిన.”

“మీ జనం బజ్జీల బండి దగ్గరున్నారక్కా.”

“గంత తెలిసినదానివి ఒక ఫోన్ జేసి చెప్పొద్దా?”

“చెప్తే వినేవారా?”

నేను లేచి సూర్యాపేట బస్సెక్కాను.

ట్రైలర్ ఎంత గొప్పదన్నది తర్వాతి మాట, అది పడే వేళకు కుర్చీలో ఎవరున్నారన్నది ముందు చూడాలి. ఇప్పుడు అలాగే వేయిస్తున్నాను, హాలూ నిండుతోంది. ఎవరి దగ్గర నేర్చుకున్నానని మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

దసరా సినిమా కోదాడకే పోయింది. గేటు ముందు లైన్ ఫొటో సుజాత మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను, అందరికన్నా ఆఖరున.