తుపాకీకి దండం పెట్టిన కుడిచెయ్యి

నా అరచేతికి ఏదో అయిందని తెలిసిన క్షణంలో నేను వంగి ఉన్నాను. ఎందుకు వంగానో ఆ తర్వాత ఒక నర్సుకు, ఒక పోలీసు ఆఫీసరుకు, వరసగా వచ్చిన డాక్టర్లందరికీ వివరించాల్సి వచ్చింది. మీకు చెప్పడమే ఆఖరిసారి కావాలని కోరుకుంటున్నాను.

కెనడాలో, హాలిఫాక్స్‌లోని ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ డిప్లొమా చేస్తున్నాను. బీటెక్‌లో చదివిందే మళ్లీ కాస్త చలిలో చదువుతున్నానన్నమాట. మేం వచ్చిన ఏడాది మన తెలుగువాళ్లు ఎంతమంది దిగారంటే, క్లాసులో అటెండెన్స్ పిలుస్తుంటే ఏలూరులో ఇంటర్ కాలేజీ గుర్తొచ్చేది. వేసవిలో కో-ఆప్ ఉంటుంది. అంటే ఒక కంపెనీలో సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేయాలి. అది పూర్తికాకపోతే డిప్లొమా లేదు. తర్వాతి బ్యాచ్‌తో చేద్దామంటే అప్పటికి నా స్టడీ పర్మిట్ ఉండదు. అందుకని నా కుడిచెయ్యి నాకు చాలా ముఖ్యం. ఈ సంగతి ముందే తెలిసి ఉండాల్సింది.

ఇక్కడే పరిచయమైన శేఖర్ అన్నది విజయవాడ. అమెరికా మీదుగా వచ్చి ఇక్కడ ఐటీలో స్థిరపడ్డాడు. హంటర్ కోర్సు పాసై, లైసెన్సు తీసుకుని, సీజన్‌లో ఎయిర్ రైఫిల్‌తో కుందేళ్ల వేటకు వెళతాడు. అప్పటివరకూ కుందేళ్లకు ఏ నష్టమూ జరగలేదు.

"తోడు రారా. బస్సుల్లో తిరిగి తిరిగి అడివంటే ఏంటో మర్చిపోయుంటావు," అన్నాడు.

వెళ్లాను. ఊరు దాటాక ఒక అడవిలో పడిపోయిన చెట్టు దారికి అడ్డంగా ఉంది. దాన్ని దాటడానికి అన్న రైఫిల్ నా చేతికిచ్చాడు. "లోడై ఉంది, సేఫ్టీ లాక్ వేశాలే," అన్నాడు. నేను గ్లవ్స్ తీసేసి ఉన్నాను. చేతులు బిగుసుకుపోయాయి. రైఫిల్ జారి రాళ్ల మీద పడింది. ఏమీ కాలేదు. నిజంగా ఏమీ కాలేదు. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

కానీ దాన్ని ఆపబోయి నా బూటు దానికి తగిలింది.

అంతకుముందే దసరా వెళ్లింది. శేఖర్ అన్న ఇంట్లో ఆయుధపూజ చేశాం. లాప్‌టాప్, కారు తాళాలు, డ్రిల్లింగ్ మెషీన్, వాటి పక్కన ఈ రైఫిల్. దానికి కుంకుమ పెట్టింది వదినే అయినా కొబ్బరికాయ కొట్టింది నేను. మొక్కినదానికి కాలు తగిలితే మనవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. పుస్తకమైనా, చీపురైనా, పక్కవాడి బ్యాగైనా అదే పని. ఇందులో ఆలోచన ఉండదు. చెయ్యే వంగుతుంది, మనం దాని వెంట వెళతాం. గొట్టం చివర తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకోవాలి. కళ్లదాకా రాలేదు. పడినప్పుడే సేఫ్టీ జారిందట. ట్రిగ్గర్ దగ్గర ఒక పుల్ల ఇరుక్కుందట. నేను తాకగానే రైఫిల్ కదిలింది, 'టప్' మంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, అరచేతిలో చిన్న రంధ్రం.

"అన్నా, తగిలినట్టుంది," అన్నాను.

"ఏది, కుందేలుకా?" అన్నాడు, ఇటు చూడకుండానే.

ఎమర్జెన్సీలో మధ్యాహ్నం కూర్చుంటే చీకటి పడింది. నాకంటే వెనక వచ్చినవాళ్లు ముందు వెళ్లారు. వాళ్ల గుండె ఆగిపోయేలా ఉందట, కాబట్టి గొడవ పడలేం. తుపాకీ గాయం కనుక పోలీసులకు చెప్పాలని, వచ్చినవాళ్లను ముందుగా చూసే ట్రయాజ్ నర్సు అంది. ఆఫీసరు వచ్చాడు, మంచివాడే.

"మిమ్మల్ని ఎవరూ కాల్చలేదంటారు?"

"ఎవరూ కాల్చలేదు. నేను సారీ చెబుతుంటే పేలింది."

"ఎవరికి?"

"గన్‌కి."

ఆయన రాయడం ఆపి శేఖర్ అన్న వైపు చూశాడు. అన్న చాలా మర్యాదగా, "ఇట్స్ కల్చరల్," అన్నాడు.

ఎక్స్-రేలో పెల్లెట్, అంటే రైఫిల్‌లోంచి వచ్చిన సీసపు గుండు, చిన్న తెల్లటి చుక్కలా కనిపించింది. డాక్టరు గాయం కడిగి, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి, "వుయ్ యూజువల్లీ లీవ్ దెమ్ ఇన్," అన్నాడు. లోపలే ఉండనివ్వాలట. తీయబోతే ఎక్కువ నష్టమట. బ్యాండేజీతో ఇంటికి పంపించేశారు.

మా రూమ్మేట్ నరేశ్‌ది కరీంనగర్. విషయం విని కాసేపు గోడ వైపు తిరిగి నవ్వుకుని, మళ్లీ ఇటు తిరిగాడు. "ఏందిరా, గన్‌కు దండం పెట్టినవా? అది ఆశీర్వదించింది పో!" అన్నాడు. అన్నం కలిపి పెట్టింది మాత్రం వాడే. అమ్మ వీడియో కాల్‌లో, "చెంచాతో తింటున్నావేంట్రా, అదీ ఎడంచేత్తో?" అని అడిగింది. "ఇక్కడ అంతేనమ్మా," అన్నాను. కెనడా మీద ఏం చెప్పినా నమ్ముతుంది.

కొద్దిరోజులకే చెయ్యి పూరీలా పొంగింది. ఇన్‌ఫెక్షన్. యాంటీబయాటిక్స్ వేసుకుంటే వాపు తగ్గింది, కానీ చూపుడువేలు సగం మొద్దుబారింది. అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లగలిగే వాకిన్ క్లినిక్‌లో డాక్టరు వేలి మీద దూదితో రాసి, "ఫీల్ దిస్?" అంది. లేదన్నాను. "హ్మ్," అంది. డాక్టరు నోట 'హ్మ్' వినడం నాకు ఇష్టం ఉండదు. నర్వ్ మీద ఒత్తిడి కావచ్చని హ్యాండ్ క్లినిక్‌కు రెఫరల్ పంపింది. ఫ్యాక్స్‌లో పంపింది. మన ఊళ్లో జిరాక్స్ షాపులవాళ్లే ఫ్యాక్స్ మర్చిపోయారు.

ఆ ఫ్యాక్స్ ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. వాకినూ, హ్యాండ్ క్లినికూ ఒకరి తర్వాత ఒకరు అదే మాట చెప్పారు: అవతలివాళ్లనే అడగాలి. ఫోన్ చేస్తే నా కాల్ వాళ్లకు చాలా ముఖ్యమని మాటిమాటికీ చెప్పారు, అంత ముఖ్యమైన కాల్‌ను ఎందుకు ఎత్తరో చెప్పలేదు. ఈలోగా ల్యాబ్‌లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే వేళ్లు బిగిసేవి కావు. కాలేజీలో కో-ఆప్ చూసే మేడమ్ పిలిచి, "చెయ్యి పనిచేస్తుందని క్లినిక్ చెబితేనే పంపగలను," అని మెత్తగా చెప్పింది. మెత్తగా చెప్పే మాటలు ఎక్కువ నొప్పి పెడతాయి. ఆ రోజు ఫెర్రీలో హార్బర్ దాటుతూ, నేను మొదటిసారి ఎవరికీ జోకు చెప్పలేదు.

చివరికి నరేశే నా ఎక్స్-రే సీడీ పట్టుకుని, నన్ను వెంటపెట్టుకుని హ్యాండ్ క్లినిక్ కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. "సార్, మేం ఇక్కడ్నే కూసుంటం. ఎవరన్న రాకపోతే మమ్మల్ని పిలువుండ్రి," అని తెలుగులో నాకు చెప్పి, ఇంగ్లిష్‌లో వాళ్లకు చెప్పించాడు. రాని పేషెంటు చోటు మాకు దొరికింది.

సర్జన్ పెద్దావిడ. స్కాన్ చూసి, పెల్లెట్ నర్వ్‌ను ఆనుకుని కూర్చుందనీ, తీయాల్సిందేననీ అంది. ఎలా జరిగిందని అడిగితే చెప్పాను. "సో ది గన్ డిడ్ నాట్ యాక్సెప్ట్ యువర్ అపాలజీ," అంది. కెనడాలో నా కథ సరిగ్గా అర్థమైంది ఆవిడకే.

లోకల్ అనస్తీషియాతో పెల్లెట్ తీశారు. అన్నాళ్లు నన్ను ఏడిపించింది మిరియపు గింజంత ఉంది. ఆ తర్వాత చెయ్యి కదలకుండా స్ప్లింట్, ఆపైన థెరపీ. పుట్టీ అనే ముద్దను పిసకాలి, నాణేలను ఒక్కొక్కటీ బల్ల మీంచి తీయాలి. థెరపిస్ట్ "గుడ్ జాబ్!" అంటుంటే ఒకటో తరగతిలో చేరినట్టుండేది. మచ్చ బిగుసుకుని వేళ్లు మడవడం మళ్లీ కష్టమైంది. నేను చపాతీ పిండి కలపడం మొదలుపెట్టాను. మా రూమ్‌లో పుల్కాలు పెరిగాయి, నరేశ్ బరువూ పెరిగాడు. కో-ఆప్ మొదలయ్యే వారం క్లినిక్ సంతకం దొరికింది.

ఇప్పుడు కో-ఆప్ చేస్తున్నాను. చూపుడువేలి కొస ఒక పక్క ఇంకా మొద్దే, చలికి సలుపుతుంది. సోల్డరింగ్ మాత్రం చేయగలను.

మొదటి వారంలోనే వేడి ఐరన్ నా చేతిలోంచి జారింది. సూపర్‌వైజర్ "లీవ్ ఇట్!" అని అరిచాడు. అది దొర్లి నా బూటుకు తగిలింది. చెయ్యి వంగడం మొదలైంది, నేను దాని వెంట వెళ్లబోయాను, సగంలో ఆగాను. ప్లగ్ పీకాను. చల్లారేదాకా నిలబడ్డాను. అప్పుడు వంగి, తాకి, కళ్లకద్దుకున్నాను.

"వాట్ వాజ్ దట్?" అన్నాడాయన.

"సేఫ్టీ ప్రొసీజర్," అన్నాను.

చెప్పాల్సింది అదే. చేతిలోంచి తుపాకీ పడితే దాన్ని పట్టుకోవద్దు, తాకొద్దు, గొట్టం ముందు నుంచి పక్కకు తప్పుకోండి. దాని సంగతి తెలిసినవాళ్లు వెనక నుంచి వచ్చి, తీసి, ఖాళీ చేస్తారు. కాలు తగిలిన దోషం అప్పటిదాకా ఆగుతుంది. నేను కనుక్కున్నాను.