కొమురవ్వ ఒప్పుకోని ఏడుపు

హుజూరాబాద్‌ల డేరా టాకీసు దిగిందంటే పద్మశాలోళ్ల వాడల ముందుగాల టికెట్టు కొనేది కొమురవ్వనే. నైజాం రాజ్యం పోయినంక ఊరికి వచ్చిన కొత్త సంబురాలల్ల ఆమెకు పట్టింది గదొక్కటే. తెల్లారితే కండెలు చుట్టే ఆడోళ్లంతా రాట్నాలు ఆమె అరుగు మీదికే తెచ్చుకుందురు.

"కొమురక్కా, సినిమా ఎట్లున్నదే?" అని పక్కింటి యాదవ్వ అడుగుడే ఆలస్యం.

"ఏముంటదే! పాటలు మంచిగనే ఉన్నయి. గుర్రం మంచిగ ఉరికింది. ఏడుపే పాడైంది. కొడుకు సచ్చిపోతే ఆ తల్లి స్తంభం పట్టుకోని దేవుడా దేవుడా అని ఏడ్వవట్టె. పిలగాని పేరన్న తీసిందా? వాడేం తింటుండె, ఎట్ల నవ్వుతుండె, ఒక్క ముచ్చటన్న జెప్పిందా? ఎవ్వలి కోసం ఏడ్సినట్టే మరి? పక్కింటోళ్లు సచ్చినా గదే ఏడుపు పనికొస్తది!"

గట్ల అనే హక్కు ఆమెకున్నది. వాడల ఎవ్వలింట్ల సావైనా శోకం తీసేది కొమురవ్వనే. పోయినోళ్ల గుణం, నడక, ఇష్టపడి తిన్న కూర అన్ని వరుసవెట్టి ఏడుస్తుంటే పగోడు సుత కండ్లు తుడుసుకునేటోడు. ఒకపారి దేవుళ్ల సినిమా చూసొచ్చి ఊరంతా దండాలు వెడుతుంటే, "దేవుడు మంచిగనే చేసిండు గని, ఆయన పెండ్లాం ఏడ్సింది గాదే, ఉల్లిగడ్డ కోసింది" అన్నది. ఆడోళ్లు నవ్వి నవ్వి పోగులు తెంపుకున్నరు.

ఆమెకు ఒక్కడే కొడుకు, బాలమల్లు. మీసం రాకముందే కరెంటు సాంచెల మీద బట్ట నేసే పనికి బొంబాయి దిక్కు భీమండి పోయిండు. దసరాకు వచ్చుడు, రెండు పూటలుండుడు, మల్ల బండెక్కుడు.

ఒక ఎండకాలం, భీమండిల వానితోటి ఒక్క అర్రల ఉండే సిద్దిరాములు ఒక్కడే వచ్చిండు. వాకిట్ల నిలవడి తల ఎత్తలే. జెరమొచ్చి బాలమల్లు పోయిండని, అక్కన్నే మట్టి చేసినమని చెప్పిండు.

వాడంతా ఉరికొచ్చింది. యాదవ్వ కొమురవ్వ మెడల వడి బోరున ఏడ్సింది. కొమురవ్వ నోరు తెరిచింది. "కొడుకా బాలమల్లూ..." అని పేరు తీసింది. తర్వాతి మాట రాలే.

ఏం తింటుండె? తెల్వదు. ఎట్ల నడుస్తుండె? ఏడాదికి రెండు పూటలు కండ్లవడే మీసాలోడు ఎట్ల నడుస్తడో ఆమెకేం ఎరుక! ఆమెకు యాదికున్నది జొన్న గటుక తిని మగ్గం గుంత పొంటి పండుకునే పోరడు. సచ్చింది ఆ పోరడు గాదాయె. తల్లి కడుపు చూస్తదంటరు, కొడుకు కడుపుల ఏం పడ్డదో తెల్వని తల్లాయె ఆమె. మరి స్తంభం పట్టుకున్నామె లెక్క దేవుడా దేవుడా అని ఏడ్వాల్నా? ఊరందరి సావులకు ఏడ్సిన నోరు కన్న కొడుక్కు అక్కరకు రాలే. గిసొంటి పాపం పగోళ్లకు సుత రావద్దు.

"రాయి లెక్క కూసున్నది సూడు" అని ఎవ్వలో అననే అన్నరు. ఆమె ఇన్నది.

దినాలైనయి. సిద్దిరాములు మల్ల భీమండి పోతూ, పోయొస్తనని చెప్ప వచ్చిండు. కొమురవ్వ వాని చెయ్యి పట్టుకున్నది.

"బిడ్డా, వాడెట్లుంటుండెనో జెప్పు. సావు ముచ్చట వద్దు, బతుకు ముచ్చట జెప్పు."

"ఏం జెప్పాలె అవ్వా! మిరపకాయ తొక్కు లేంది ముద్ద ముట్టకపోతుండె. సాంచెల మోతకు ఒక చెవు మందమైంది, గందుకే ఏం జెప్పినా తల వంచి ఇంటుండె. సెలవొస్తే సినిమాకే. అదెట్లున్నదో వచ్చి మా అందరికి చెప్పేటోడు." సిద్దిరాములు చేతిల సంచి కిందవెట్టిండు. "ఎంత మంచి సినిమా అయినా గదే మాట అవ్వా. పాటలు మంచిగున్నయి గని ఏడుపే పాడైందిరా, మా అవ్వయితే ఒప్పుకోదు అంటుండె."

కొమురవ్వ వాని చెయ్యి ఇడిసిపెట్టింది. ఆమె గొంతు లేసింది. అరుగుల మీద రాట్నాలిడిసిపెట్టి ఆడోళ్లంతా ఉరికొచ్చిండ్రు.

"తొక్కు లేంది ముద్ద ముట్టని కొడుకా... తల వంచి మాటినే కొడుకా... ఓ బాలమల్లూ... నా ఏడుపు నువ్వు ఒప్పుకుంటవా కొడుకా..."