జడకోలాటంలో మా అమ్మాయి

మా అమ్మాయి హాస్టళ్లలో పెరిగింది. ఇప్పుడు ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది. వీధిలోకి వెళ్తే చాలు, "ఎవులమ్మాయివే?" అని అడుగుతారు. సొంతూళ్లో ఆ ప్రశ్న వినడం దానికి సుతరామూ నచ్చదు. అందుకే మా కోలాట బృందంలో ఒకావిడ మోకాళ్ల నొప్పులతో మానేస్తే, ఆ చోటు తనకే కావాలని పట్టుబట్టింది.

రామతీర్థంలో దేవుడి కల్యాణానికి ఆడాలి. గది తలుపేసుకుని, ఫోన్లో నేను ఆడిన వీడియో చూసి నేర్చుకుంది. నన్ను అడగొచ్చుగా? అడగదు. నా నోరంటే భయం.

మాది జడకోలాటం. పైనుంచి వేలాడే రంగుతాళ్లు పట్టుకుని సగం మంది కుడికి, సగం మంది ఎడమకి తిరుగుతూ ఒకరి తాడు కింద నుంచి ఒకరు దూరుతుంటే జడ అల్లుకుంటుంది. ఒక్కరు తప్పినా చిక్కే.

ముందురోజు సాధనలో మా అమ్మాయి హుషారుగా అడుగేసి నేరుగా వచ్చి నన్ను ఢీకొట్టింది. తాళ్లన్నీ పీటముడి పడ్డాయి. మళ్లీ ఆడినా అంతే. అప్పటికి నా బుర్రకెక్కింది. వీడియోలో నేను దానికి ఎదురుగా ఉన్నాను. నేను కుడికి వెళ్తే తెర మీద ఎడమకి కనిపిస్తాను. నాలాగే కుడికి తిరగాల్సిన ఇది, తెరలో కనిపించినట్టే ఎడమకి నేర్చేసుకుంది.

"నావల్ల కాదమ్మా, నన్నొదిలెయ్" అని తాడు వదిలేసింది. కళ్లనిండా నీళ్లు. నాకు ప్రాణం ఉసూరుమంది.

మాకు ఆట నేర్పే పెద్దమ్మ మాత్రం పడీ పడీ నవ్వింది.

"ఒసే, ఏడుపేటే? ఎలాగూ సగం మంది అటే తిరగాల. నువ్వూ అటే తిరుగు. ఇంత బాగా నేర్సుకుని మళ్లీ మార్సుకోడమేటి?" అని, ఎడమకి ఆడే మా వదిన్ని ఇటువైపు రమ్మంది.

"ఇన్నేళ్లూ అటు తిరిగి ఇప్పుడు ఇటా? రేపు నా కాళ్లు ఏటి సేస్తాయో సూసుకోండి" అని గొణుగుతూనే వదిన నా ముందుకొచ్చి నిలబడింది.

మర్నాడు రామతీర్థంలో వదిన తడబడినప్పుడల్లా భుజం పట్టి తిప్పుతూ, నవ్వాపుకోలేక చచ్చాను. అయినా జడ చక్కగా దిగింది. చూస్తున్నవాళ్లలో మా ఊరి ముసలావిడ ఒకామె, "ఆ పిల్ల ఎవులమ్మాయే?" అని గట్టిగా అడిగింది.

నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ ఆట ఆపకుండా, "మనమ్మాయే!" అని కేకేసింది.

ఆ చుట్టులో మా అమ్మాయి నాకెదురుగా వచ్చి, నా తాడు కింద నుంచి దూరుతూ తలెత్తింది. దాని మొహంలో సంతోషం చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఇద్దరం ఒకే వైపు తిరిగి ఉంటే దాని వీపే చూసేదాన్ని.