సంఘపెద్ద నేర్పిన సాక్ష్యం

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పోయినవాణ్ణి లోకం లేని గొప్పలు కూడా చెప్పి పొగుడుతుందని దాని అర్థం. నా భర్తకి ఆ పాటి భాగ్యం కూడా దక్కలేదు. పోయాక ఆయన మీద అందరూ నిందే వేశారు. ముందు మా బంధువులు వేశారు, తర్వాత నేను నమ్మి వెళ్ళిన ప్రార్థన మందిరంలో వేశారు. ఇన్నేళ్ళయినా తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

డెబ్బైల్లో మేము గోదావరి వైపు నుంచి విశాఖపట్నం వచ్చాం. ఆయనకి ఒక మేస్త్రి కింద, ఓడల్లోంచి సరుకు దింపే గ్యాంగులో పని. నాకు ఒక చిన్న బడిలో టీచరు ఉద్యోగం. తుపాను వచ్చేటప్పుడు కొండమీద స్తంభానికి ప్రమాద సూచిక ఎగరేసేవాళ్ళు. ఏ గుర్తుకి ఏ నంబరో, ఏ నంబరుకి ఎంత ప్రమాదమో మా వీధిలో పలక పట్టని పిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు పొద్దున్నే ప్రమాదం పెరిగిందని నంబరు మార్చారు. నేను చూశాను, ఆయనా చూశారు. అయినా బయట సముద్రంలో నిలిచిన ఓడ దగ్గరికి గ్యాంగును లాంచీలో పంపారు. లాంచీ దారిలోనే తిరగబడింది. ఈదగలిగినవాళ్ళు ఒడ్డుకొచ్చారు. ఆయనకి ఈత రాదు. కాలవగట్టున పుట్టినవాడికి ఈత రాకపోవడమేమిటని మా ఆడపడుచు నన్నే నిలదీసింది, నేనేదో నేర్పకుండా దాచినట్టు.

ఆ లాంచీలో వెళ్ళి బతికి వచ్చిన కుర్రాడొకడు ఆయన్ని బావా అని, నన్ను అప్పా అని పిలిచేవాడు. వాళ్ళ వైపు అక్కని అలాగే అంటారు. మూడోనాడు వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"బావ సెప్పినాడప్పా. కొండకేసి సెయ్యి సూపించి, ఇయ్యాల ఎల్లొద్దు మేస్త్రీ, నంబరు మార్సినారు అన్నాడు. నాను నా సెవులారా ఇన్నాను."

"మేస్త్రి ఏమన్నాడు?"

"అది సేపల పడవలకి, మనకి కాదన్నాడు. ఎక్కనోడు రేపట్నించి పనికి రానక్కర్లేదన్నాడు. ఏటి సేత్తాం? ఎక్కినాం."

మేస్త్రి మాత్రం ఎక్కలేదు. ఒడ్డునే ఉండిపోయాడు.

మావాళ్ళంతా రాత అన్నారు, పూర్వజన్మలో చేసుకున్నది అన్నారు. ఈ జన్మలో ఒకడు చేసిన పని కళ్ళెదుట ఉండగా పూర్వజన్మ దాకా ఎందుకు పోవాలో నాకు అర్థం కాలేదు.

మా వీధిలో ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేసే ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ నన్ను ఓదార్చలేదు. గంజి కాచి నా కూతురికి పోసి, నా పక్కన ఊరికే కూర్చునేది. ఒకరోజు నేను దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ చెవులు మూసుకోలేదు.

"నాతో సెప్తే ఏటొస్తాది తల్లీ? ఆయన్నే అడుగు," అంది.

తర్వాత తుపానులో చిక్కుకున్న పడవ కథ చెప్పింది. శిష్యులు ప్రాణాలు అరచేత పెట్టుకుని ఉంటే ప్రభువు పడవ వెనకవైపు పడుకుని నిద్రపోతున్నాడట. వాళ్ళు దణ్ణాలు పెట్టి లేపలేదు. మేం చచ్చిపోతుంటే నీకు పట్టదా అని దెబ్బలాటకి దిగినట్టే లేపారు. ఆయన లేచి ముందు గాలి సంగతి చూశాడు, వాళ్ళని అనవలసింది ఆ తర్వాత అన్నాడు. అది నాకు నచ్చింది. మునిగిపోయేవాడి తప్పులు వెతకని దేవుడు నాకు కావాలనిపించింది. మరి మా లాంచీ దగ్గర ఎందుకు లేవలేదని ఆయన్ని రోజూ అడిగాను. జవాబు రాలేదు. కానీ అడగడానికి ఒకరు దొరికారు. అలా నేను ప్రార్థన మందిరం గడప తొక్కాను.

తొక్కీ తొక్కగానే మొదటి వరసలో మేస్త్రి కనిపించాడు. మందిరం పైకప్పు రేకులు అతను వేయించినవేనట. వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్నాను. నేనెందుకు పోవాలి, పోతే వాడే పోవాలి అనుకుని చాప మీద కూర్చున్నాను.

ఆ సంఘానికి పెద్ద ఒక ఆఫీసులో గుమాస్తా. ప్రసంగానికి లేచాడంటే గ్రాంథికమే. ఒక ఆదివారం హెచ్చరికల మీద ప్రసంగించాడు. జలప్రళయం వస్తుందంటే నవ్వినవాళ్ళు ఎలా మునిగారో చెప్పి, "మన మధ్యనున్న ఒక సహోదరి భర్త ప్రమాద సూచికను కళ్ళారా చూచియు లెక్కచేయక సముద్రము మీదికి పోయెను" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. మేస్త్రి కళ్ళు మూసుకుని, ఎంత నిజమో అన్నట్టు తల ఊపాడు.

ఇంటికి వచ్చాక మా అమ్మాయి అన్నం ముందు కూర్చుని, "నాన్న మాట వినలేదటగా అమ్మా, సండే స్కూల్లో చెప్పారు," అంది. తండ్రి ముఖం కూడా సరిగ్గా గుర్తుండని వయసు దానిది. ఆయన గురించి దానికి మిగలబోయేది ఆ ఒక్క మాటేనా అనుకున్నాను.

కొన్నాళ్ళకి నాకు బాప్తిస్మం ఇస్తామన్నారు. భీమునిపట్నం దగ్గర సముద్రంలో ఇచ్చేవాళ్ళు. నీళ్ళలో దిగేముందు ఒడ్డున అందరి ఎదుటా సాక్ష్యం చెప్పాలి, ముందెలా ఉండేవాళ్ళం, దేవుడు ఎలా మార్చాడు అని. ఆ సాక్ష్యాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. ఎందుకో నాకు ముందురోజే తెలిసింది. సంఘపెద్ద ఇంటికొచ్చి పాఠం చెప్పాడు.

"నా భర్త హెచ్చరికను లక్ష్యపెట్టలేదు, ఆయన మరణము ద్వారా దేవుడు నన్ను మేలుకొలిపెను, అని చెప్పు సహోదరీ. వినేవారికి బుద్ధి వస్తుంది."

"ఆయన లక్ష్యపెట్టారండీ. వెళ్ళొద్దని మేస్త్రికి చెప్పారు."

"ఆ సంగతులు ఇప్పుడెందుకు? ఇలా మొండికేస్తే నీ మారుమనస్సు నిజమని సంఘం ఎలా నమ్ముతుంది? బాప్తిస్మం వాయిదా వేయవలసి వస్తుంది."

నన్ను నిద్రలేపడానికి దేవుడు నా భర్తని ముంచేశాడని నేను పదిమందిలో చెప్పాలట. అలాంటి దేవుడు కాదనే కదా నేను అక్కడికి వెళ్ళింది.

మర్నాడు అందరం బస్సులో వెళ్ళాం. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నడుంలోతు నీళ్ళలో నిలబడ్డారు. ముసలాయన, మెతక మనిషి, సంఘపెద్ద గీసిన గీత దాటేవారు కాదు. నా వంతు వచ్చినప్పుడు మా అమ్మాయిని దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నాను.

"మా ఆయన ఆ రోజు నంబరు చూశారు. ఇవాళ వెళ్ళొద్దని మేస్త్రికి చెప్పారు. మేస్త్రి వినలేదు, ఎక్కకపోతే పని ఉండదన్నాడు. హెచ్చరిక విననివాడు మునిగిపోలేదు, అదిగో, అక్కడ కూర్చున్నాడు. నేను ప్రభువుని నమ్ముతున్నాను. నా సాక్ష్యం ఇంతే."

"సహోదరీ, ఇక చాలు, కూర్చో," అన్నాడు సంఘపెద్ద. ప్రతి సాక్ష్యం తర్వాతా ఎత్తుకునే పాట ఎవరూ ఎత్తుకోలేదు. మేస్త్రి లేచి, పంచెకంటిన ఇసక దులుపుకుని రోడ్డు వైపు నడిచాడు. అప్పుడు నీళ్ళలోంచి అయ్యగారు అడిగారు.

"అతన్ని క్షమిస్తావా అమ్మా?"

"ముందు అడగనివ్వండి అయ్యగారూ. అడిగితే చూస్తాను."

అయ్యగారు వెళ్ళిపోతున్న మేస్త్రి వీపు వైపు చూశారు. సంఘపెద్ద వైపు చూడలేదు.

"దిగమ్మా," అన్నారు.

దిగాను. ఆ నీళ్ళలో పాపాలన్నీ పోతాయన్నారు. తక్కినవి పోయాయేమో గానీ, కోపం మాత్రం తడిసిన చీరతో పాటు నాతోనే ఒడ్డుకొచ్చింది. పోలేదు కనక అది పాపం కాదని తేల్చుకున్నాను. మేస్త్రి ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అదే మందిరానికి వచ్చాడు, వెనక వరసలో కూర్చునేవాడు. నన్ను ఏనాడూ ఏమీ అడగలేదు. నేనూ ఏ ఆదివారమూ మానలేదు.