కిరాయికి తీసుకున్న తల్లిగారిల్లు

మా అక్క అబద్ధాలాడదు. ఏడాదికి ఒక్కటే ఆడుతుంది, అది కూడా బతుకమ్మ పండక్కి. చేర్యాలలో వాళ్ల వాడకట్టు ఆడవాళ్లంతా తల్లిగారిళ్లకు బ్యాగులు సర్దుకుంటూ "నువ్వు పోతలేవా?" అని అడిగితే, "ఏడ పోదును, మక్కలు ఇరిసేది ఉన్నది" అంటుంది. మొక్కజొన్న అప్పటికే ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది. అవ్వా బాపూ పోయారు. సిద్దిపేటలో మా పాత ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. మిగిలిన ఒక్క తమ్ముణ్ని నేను, ఉండేదేమో థాయిలాండ్‌లో. ఇంక ఆమె ఏ ఇంటికి పోవాలి?

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. నాకిలాంటివి కనిపించవు. కనిపెట్టింది నా భార్య, థాయ్ మనిషి.

రొయ్యల మేత తయారుచేసే ఫ్యాక్టరీలో పనికని జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆ దేశం పోయాను. తెల్లబడినా ఇంకా అక్కడే ఉన్నాను. ఫ్యాక్టరీ దగ్గర్లో ఒక గుడి ముందు మా అత్త పూలదండలు అమ్మేది, పక్కన కూతురు కూర్చుని కట్టేది. గుడికి పోనివాణ్ని నేను రోజూ దండ కొంటుంటే అత్తకు విషయం అర్థమైపోయింది. అర్థమయ్యాక కూడా ఒక్క పూట ధర తగ్గించలేదు. ఆ పట్టుదల కూతురికీ వచ్చింది.

ఆమెకు నేను తెలుగు నేర్పలేదు. ఫోన్లో అక్కతో మాట్లాడేది వినీ వినీ తనే పట్టేసింది, అందుకని ఆమెది అచ్చం మా అక్క తెలుగు. "తిన్నవా? ఏం కూర?" వాళ్ల దేశంలో కూడా మనిషి ఎదురుపడితే ముందు అన్నం తిన్నావా అనే అడుగుతారు. ఆ రెండు ముక్కలతో ఆడబిడ్డా మరదలూ ఏళ్లు నెట్టుకొచ్చారు. వదినె అని పిలవాలని ఎంత చెప్పినా వినదు, అక్క అనే అంటుంది.

ఏప్రిల్‌లో వాళ్ల కొత్త సంవత్సరం వస్తే దేశమంతా సొంతూళ్లకు కదులుతుంది. మేమూ బస్సులో నిలబడైనా సరే, పూల అంగడి మాని సొంతూరు చేరిన అత్త దగ్గరికి పోతాం. అక్కడ గడప తొక్కగానే మా ఆవిడ చిన్నపిల్ల అయిపోతుంది. గిన్నె కడగదు, గరిటె పట్టదు, కాళ్లు చాపుకొని టీవీ చూస్తుంటే తల్లి ముక్కలు కోసి నోటికందిస్తుంది. అట్లా ఒకసారి తిరిగి వస్తున్న బస్సులోనే అడిగింది, "అక్క ఎవరింటికి పోతది?" నేను కిటికీలోంచి బయటికి చూశాను. మళ్లీ అడిగింది.

"ఎవరింటికీ పోదు" అన్నాను.

"అయితే మనం ఇల్లు పెడదం" అంది.

ఇల్లు పెట్టడమంటే ఈమెకు పూలబుట్ట పెట్టుకున్నంత తేలిక. కోప్పడ్డాను. సెలవు దొరకదన్నాను, ఒక్క నెలకు ఎవరిస్తారన్నాను. నా కోపం ఎంతసేపుంటుందో ఆమెకు తెలుసు, అయిపోయేదాకా మామిడికాయ చెక్కుతూ కూర్చుంది. చివరికి సెలవు పెట్టి ఇద్దరం వచ్చి, బతుకమ్మ నెలకు సిద్దిపేటలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఓనరమ్మ పై అంతస్తులో ఉంటుంది. ఒక్క నెలకెందుకని అడిగితే, "మా అక్కకు తల్లిగారిల్లు కావాలె" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి తాళంచెవి చేతిలో పెట్టింది.

పండక్కి ఆడపిల్ల తనంతట తాను రాదు, పోయి తీసుకురావాలి. ఇద్దరం చేర్యాల బస్సెక్కాం. సంగతి విని అక్క నన్ను చెడామడా తిట్టింది.

"కిరాయి ఇల్లు తల్లిగారిల్లు ఎట్లయితదిరా? నీకేమన్న పిచ్చి లేసిందా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ చెప్పులు విప్పి గచ్చు మీద చతికిలపడింది. "అక్క రాకుంటె నేను గూడ గీడనే ఉంట. బువ్వ పెట్టు" అంది. బావ నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయాడు. అక్క బ్యాగు సర్దింది కానీ ఏం సర్దిందో చూస్తే నాకు మనసు చివుక్కుమంది. కారంపొడి, చింతపండు, మామిడికాయ తొక్కు. తల్లిగారింటికి పోయేవాళ్లు తీసుకుపోయేవి కావు అవి. అక్కణ్నుంచి తెచ్చుకునేవి.

కిరాయి ఇంట్లో అడుగు పెట్టగానే అక్క చీపురు అందుకుంది. మా ఆవిడ గుంజుకుంది. గిన్నెల దగ్గరికి పోయింది, అక్కడా అడ్డం నిలబడింది. అక్కకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ప్లాస్టిక్ కుర్చీ అంచున, ఇప్పుడో ఇంకాసేపటికో లేచిపోయే చుట్టంలాగ కూర్చుంది. వచ్చిన దగ్గర్నుంచి పండుగ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ దాకా అట్లాగే కూర్చుంది. బ్యాగు తలుపు దగ్గరే పెట్టుకుంది, బట్టలు బయటికి తీయలేదు. ఈసారి కుదరకపోతే ఇంకెప్పుడూ రాదని నాకు తెలుసు. మొండితనంలో ఆమె నాకు నిజంగానే అక్క.

సద్దుల రోజు పొద్దున్నే ఓనరమ్మ వాళ్ల స్కూటీ అడిగి తీసుకొని చంద్లాపూర్ వైపు పోయాను. పూలు తేవడం మా ఇంట్లో ఎప్పుడూ నా పనే. తంగేడు, గునుగు గోనెసంచి నిండా తెంపి, చేతులంతా గీరుకుపోయి, గెలిచి వచ్చినవాడిలాగ వాకిట్లో గుమ్మరించాను. అక్క తాంబాళంలో గుమ్మడాకులు పరిచి పెద్ద బతుకమ్మను మొదలుపెట్టింది. పెద్దదాన్ని ఒంటరిగా పంపరు, పక్కన తోడుకు చిన్నదొకటి ఉండాలి.

"తోడుది నువ్వు పేర్చు" అని అక్క మా ఆవిడతో అంది. వచ్చిన తర్వాత ఆమె అడిగిన మొదటి పని అదే.

ఇంక చూడాలి మా ఆవిడ చేతులు. అరటి బోదె బిళ్లగా కోయించుకుంది. అరటాకును రేకులు రేకులుగా మడిచి, చీపురుపుల్లలు గుచ్చి చుట్టూ అంచు కట్టింది. దాని మీద బంతి, చామంతి, గునుగు. వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడిపోయారు. ఓనరమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. నాదేమీ లేకపోయినా మీసం దువ్వుకుంటూ వాకిట్లో తిరిగాను.

సాయంత్రం అందరూ బతుకమ్మలు తెచ్చి మా వాకిట్లో పెట్టారు. చిన్నదానిలో ఒక చామంతి పక్కకు వాలిందని ఓనరమ్మ వంగి సర్దబోయింది. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"గిదేంది? ఎంటికెలు ఉన్నయ్. గోర్లు గూడ."

మా వైపు వెంట్రుకలు, గోళ్లు అంటే ఒకటే అర్థం. వెనక నుంచి ఎవరో ఆ మాట అననే అన్నారు. "బాణామతి." ఆడవాళ్లు తమ తాంబాళాలు దూరం జరుపుకున్నారు. పిల్లల రెక్కలు పట్టి వెనక్కి లాగారు. మా ఆవిడ ఒక్కొక్కరి మొహం చూస్తోంది, ఏం జరిగిందో అంతుబట్టడం లేదు.

నాకు మాత్రం అప్పుడు వెలిగింది. నవంబర్ పున్నమికి థాయిలాండ్‌లో వాళ్లు అరటాకు దొప్పల్లో పూలూ కొవ్వొత్తీ పెట్టి నీళ్లలో వదులుతారు. అందులో తమ గోరు ముక్కా, వెంట్రుకా పెడతారు, ఏడాది పీడంతా దాంతో కొట్టుకుపోవాలని. ఏటా ఆమె నా గోళ్లు కూడా కత్తిరించి పెడుతుంది. అరటాకు, పూలు, నీళ్లలో వదలడం, అన్నీ అవే కదా మరి, ఆమె చేతులు అలవాటు పని చేసుకుపోయాయి. ఇదంతా నెమ్మదిగా చెప్పాల్సింది పోయి నేను ఓనరమ్మ మీద గొంతు లేపాను.

"నువ్వు నోర్మూయ్‌రా" అంది అక్క. నా చూపు తలుపు దగ్గరున్న బ్యాగు మీద పడింది.

అక్క మా ఆవిడను అడిగింది. "ఎవరియి గీ ఎంటికెలు?"

"నాయి. గోర్లు గూడ నాయే."

"ఎందుకు పెట్టినవ్?"

ఆమెకు మాటలు చాలలేదు. వెతుక్కుంటూ చెప్పింది. "మా తాన చెడ్డది నీళ్లల్ల పోతది. అక్క ఏడుపు పోవాలె. అక్క ఎంటికెలు అడిగితె ఇయ్యదు. గందుకే నాయి పెట్టిన."

అక్క గచ్చు మీద కూర్చుంది. కుర్చీ అంచున కాదు, కింద రెండు కాళ్లూ చాపుకొని, చిన్నప్పుడు మా వాకిట్లో కూర్చున్నట్టే కూర్చుంది. చిన్న బతుకమ్మను ఒళ్లో పెట్టుకొని వెంట్రుకలూ గోళ్లూ ఏరి ఒక అరటాకు ముక్కలో వేసింది.

"బతుకమ్మ మీది గౌరమ్మ గూడ ఇంటి ఆడపిల్లనే. ఆడపిల్లకు పూలు పెట్టి పంపుతం, పీడ పెట్టి పంపం. నీకు తెల్వదు, గిప్పుడు తెలిసె. పీడకు వేరే దొప్ప కట్టు."

మా ఆవిడ గబగబా దొప్ప కట్టింది. అక్క జుట్టు ముడి విప్పి, తన వెంట్రుకలు రెండు పీకి అందులో వేసింది. నేను మొహం తిప్పుకున్నాను, ఏడుపొచ్చింది. అప్పుడు అక్క తలెత్తి అందరికీ వినిపించేట్టు అంది.

"గిది మా తల్లిగారింటి బతుకమ్మ. మా మరదలు పేర్చింది. ఆడేటోళ్లు రాండ్రి. భయమైతున్నోళ్లు గాడ దూరంగ ఆడుకోండ్రి."

ఎవరూ కదలలేదు. మొదట ఓనరమ్మే కదిలింది. తన తాంబాళం తెచ్చి మా వాటి పక్కన ఆనించి పెట్టి, గొంతు తగ్గించి మా ఆవిడను అడిగింది.

"నడుము నొప్పి గూడ పోతదా?"

"పోతది" అంది మా ఆవిడ, డాక్టరంత ధీమాగా.

ఓనరమ్మ కొప్పులోంచి ఒక వెంట్రుక దొప్పలోకి వచ్చింది. ఆ వెనక ఇంకొకామె, అత్తపోరు అని చెప్పకుండానే అందరికీ తెలిసినామె. బాణామతి అన్న గొంతు ఎవరిదో కూడా అప్పుడు బయటపడింది, ఎందుకంటే ఆమె మోకాళ్ల నొప్పులకని తెచ్చిన గోరు ముక్క అందరికంటే పెద్దది. ఆట మొదలైంది. చప్పట్లకు మా ఆవిడ అడుగు తప్పినప్పుడల్లా అక్క భుజం పట్టి వరుసలోకి తోసింది.

కోమటిచెరువులో బతుకమ్మలను వదిలాక, అక్కా మా ఆవిడా కలిసి ఆ దొప్పలో కొవ్వొత్తి వెలిగించి పక్కకు తోశారు. సగం వాడకట్టు పీడ మోసుకుంటూ అది మునగకుండా చాలా దూరం పోయింది. వదిలేముందు తీసి దాచిన గౌరమ్మ పసుపును అక్క మా ఆవిడ చెంపలకు రాసింది. ఆ రాత్రి ఇంటికి రాగానే బ్యాగులోంచి చీరలు తీసి దండెం మీద వేసింది. మిగతా రోజులు గిన్నె కడగలేదు, గరిటె పట్టలేదు. పొద్దెక్కేదాకా పడుకుంది, కూరలో ఉప్పు తక్కువైందని మరదలికి వంకలు పెట్టింది. ఆ వంకలు వింటుంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

పండుగ అయిపోయాక పంపేటప్పుడు ఒడిబియ్యం పోయాలి. పోయాల్సింది మా ఆవిడ, తెలిసింది అక్కకు. తన కొంగు తనే పట్టుకొని, "పసుపు కలుపు, కొబ్బరి కుడుకలు ముందు పెట్టు, గట్ల కాదు, దోసిలి నిండ పొయ్యి" అని చెప్పి పోయించుకుంది. చెబుతూ చెబుతూ మధ్యలో అక్క చెప్పడం ఆపేసినా మా ఆవిడ ఆగలేదు, దోసిలి మీద దోసిలి పోస్తూనే ఉంది. కొంగు నిండి బియ్యం గచ్చు మీద రాలింది.

బస్‌స్టాండ్‌లో చేర్యాల బస్సులో అక్కకు కిటికీ పక్కన సీటు దొరికింది. మేమిద్దరం కింద నిలబడ్డాం. ఒడి మూటను చూసి పక్క సీటామె అడిగింది.

"ఏడికెల్లి వస్తున్నవక్కా?"

"తల్లిగారింటి నుంచి" అంది అక్క, బస్సంతా వినేట్టు. "గా కింద నిలబడ్డది మా మరదలు."

పక్కామె తలూపి ఊరుకుంది. ఇంకెవరూ ఏమీ అడగలేదు. బస్సు కదులుతుంటే అక్క వెనక సీటు వైపు తిరిగి, అడగకపోయినా, మళ్లీ ఒకసారి చెప్పింది.